వారానికో మెట్టు: ఆన్‌లైన్ మేనేజర్ గేముల్లో నత్తనడకకీ పోటీకీ ఉన్న లెక్క

క్లుప్తంగా: టీమ్‌ని నడిపించే ఆన్‌లైన్ గేముల్లో ఎదుగుదల చాలా నెమ్మది. ఒక్క సీజన్‌కి నెలలు పడతాయి, ఒక కుర్రాడు చేతికి అందిరావడానికి ఏడాది దాటుతుంది. ఇది గేమ్ తయారుచేసినవాళ్ల చేతకానితనం కాదు, పోటీకి ఆధారమే అది. గడియారం అందరికీ ఒకటే అయినంతవరకూ ఆ నెమ్మది ఆటగా ఉంటుంది. డబ్బు కట్టినవాడికి గడియారం వేగంగా తిరగడం మొదలైతే ఆట వేరే ఆట అయిపోతుంది. డబ్బు పందేల గేములకీ వీటికీ ఉన్న తేడా కూడా అక్కడే తెలుస్తుంది.

2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లుని ఆమోదించాయి, 22న రాష్ట్రపతి సంతకం కూడా అయిపోయింది. మూడు రోజుల్లో వచ్చిన ఈ చట్టం వల్ల డ్రీమ్11 లాంటి ఫాంటసీ యాప్‌లు డబ్బు పోటీలు ఆపేశాయి, దాంతో "టీమ్ పెట్టే గేములన్నీ బంద్ అయ్యాయట" అనే మాట బాగా వ్యాపించింది. హైదరాబాద్‌లో ఈ గందరగోళం కొంచెం పాతదే. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలని నిషేధించారు, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అదే పని చేశారు. అందుకని ఇక్కడివాళ్లకి ఫాంటసీ యాప్ అంటే "మన రాష్ట్రంలో పనిచేయదు" అని చూపించే స్క్రీన్‌గానే ఎక్కువ పరిచయం. ఈ గొడవలో పక్కకి పోయిన విషయం ఏంటంటే, టీమ్ పెట్టే గేముల్లోనే పందెంతో ఏ సంబంధమూ లేని ఒక పాత రకం ఉంది. దాని మీద సాధారణంగా వచ్చే ఫిర్యాదు డబ్బు పోతోందని కాదు, అసలు ఏమీ జరగడం లేదని.

ఒకే పేరుతో పిలిచే మూడు ఆటలు

ఫాంటసీలో ప్లేయర్లు నిజమైనవాళ్లు. ఉప్పల్‌లో అభిషేక్ శర్మ కొడితే అతన్ని ఎంచుకున్నవాడికి పాయింట్లొస్తాయి, అంతే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మీద నడిచే ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు. 10 కోట్ల పౌండ్ల ఊహా బడ్జెట్‌తో 15 మందిని తీసుకోవాలి, వారానికి ఒక మార్పు ఉచితం, అంతకుమించి మారిస్తే ఒక్కోదానికి 4 పాయింట్లు కోత. ఇందులో ఎవరూ ఎవరినీ పెంచరు. ఆగస్టులో అందరి పలకా తుడిచేసి మళ్లీ మొదలుపెడతారు.

రెండో రకం కంప్యూటర్ మీద ఒంటరిగా ఆడేది. 1982లో కెవిన్ టామ్స్ చేసిన ఫుట్‌బాల్ మేనేజర్, 1992లో కొల్యర్ సోదరులు తెచ్చిన ఛాంపియన్‌షిప్ మేనేజర్ ఈ దారి వేశాయి. ఇందులో టీమ్ కొనాలి, అమ్మాలి, ట్రైనింగ్ ఇవ్వాలి, కానీ గడియారం మాత్రం ఆడేవాడి చేతిలో ఉంటుంది. ముందుకి నడిపే బటన్ నొక్కితే రోజు గడిచిపోతుంది, దసరా సెలవుల్లో కూర్చుంటే పది సీజన్లు కూడా లాగేయొచ్చు. ఓడిపోతే పాత సేవ్ తెరిచి మళ్లీ ఆడే వెసులుబాటు ఉండనే ఉంది (ఆ పని చేయనివాళ్లు తక్కువ).

మూడోది మన విషయం. ఇందులో ప్లేయర్లు కల్పితం, ఎదుటి మేనేజర్లు మాత్రం నిజం మనుషులు, గడియారం ఎవరి చేతిలోనూ ఉండదు. 1997లో స్వీడన్‌లో మొదలైన హ్యాట్రిక్ ఈ రకానికి పాత నమూనా, బ్రౌజర్లో ఇప్పటికీ నడుస్తోంది. 2010లో సెర్బియా కంపెనీ నార్డియస్ తెచ్చిన టాప్ ఇలెవెన్ దీని మొబైల్ రూపం. ఒకదాన్ని రెండోదాని పక్కన పెట్టి చూస్తే నెమ్మది ఏం చేస్తుందో బాగా అర్థమవుతుంది.

గడియారం లెక్క

హ్యాట్రిక్‌లో సీజన్ అంటే 16 వారాలు, అంటే 112 రోజులు. లీగ్‌లో 8 టీమ్‌లుంటాయి, ఒక్కో టీమ్‌తో రెండేసి మ్యాచ్‌ల చొప్పున 14. వారానికి ఒకటే లీగ్ మ్యాచ్, శని ఆదివారాల్లో. వారం మధ్యలో కప్ మ్యాచో స్నేహపూర్వక మ్యాచో ఇంకొకటి. మ్యాచ్ కూడా నిజం ఫుట్‌బాల్‌లాగే గంటన్నర పైన నడుస్తుంది, అక్షరాల్లో. "37వ నిమిషంలో ఎడమవైపు నుంచి దాడి..." అని ఒక వాక్యం వస్తుంది, తర్వాతి వాక్యం కోసం చూస్తూ ఉండాలి. బయటివాళ్లకి ఇది చెబితే నమ్మరు.

పెద్ద దేశాల్లో డివిజన్లు పిరమిడ్‌లా ఉంటాయి. పైన ఒకటే లీగ్, రెండో అంతస్తులో 4, మూడోదాంట్లో 16, తర్వాత 64, 256, ఆరో అంతస్తులో 1024. ఆరో అంతస్తులో ఉన్న టీమ్ ఒక్కసారి కూడా తడబడకుండా ప్రతి సీజనూ పైకెక్కుతూ పోయినా పై లీగ్ చేరడానికి 5 సీజన్లు, అంటే 80 వారాలు పడుతుంది. అలా తడబడకుండా పోవడం జరిగే పని కాదు కాబట్టి ఆచరణలో ఇది ఏళ్ల మీద మాట. ఇంకో లెక్క: ఎనిమిది టీమ్‌లూ సమానబలంతో ఉన్నాయనుకుంటే ఒక్కో టీమ్‌కి సగటున 8 సీజన్లకి ఒక టైటిల్ వస్తుంది. 8 సీజన్లు అంటే 128 వారాలు, దాదాపు రెండున్నరేళ్లు. ఒక కప్పు కోసం రెండున్నరేళ్లు ఎదురుచూడటం ఏ మొబైల్ గేమ్ కంపెనీ మీటింగ్‌లో చెప్పినా చెప్పినవాడిని బయటికి పంపేస్తారు.

టాప్ ఇలెవెన్ ఈ లెక్కని కుదించింది. అక్కడ సీజన్ 28 రోజులే, రోజూ మ్యాచ్‌లు ఉంటాయి. హ్యాట్రిక్‌లో ఒక సీజన్ అయ్యేలోపు ఇక్కడ సరిగ్గా నాలుగు సీజన్లు అయిపోతాయి, ఏడాదికి పదమూడు. నాలుగు రెట్లు తొందర అన్నమాట. తొందరకి ఇంకేం తోడొచ్చాయో కింద చూద్దాం.

మొక్కై వంగాలి

నెమ్మదికి అసలు మూలం ట్రైనింగ్‌లో ఉంది. హ్యాట్రిక్‌లో వారానికి టీమ్ మొత్తానికి ఒకే విద్య నేర్పగలరు. గోల్‌కీపింగ్ అంటే గోల్‌కీపింగే, గోల్ కొట్టడం అంటే అదే. అది కూడా ఆ వారం మ్యాచ్‌లో దానికి సంబంధించిన స్థానంలో ఆడినవాడికే అందుతుంది, బెంచీ మీద కూర్చున్నవాడికి కాదు. మిడ్‌ఫీల్డ్ ఆట నేర్పాలనుకుంటే ఒక మ్యాచ్‌లో మధ్యలో ముగ్గురికే చోటు, వారానికి రెండు మ్యాచ్‌లు కాబట్టి ఆరుగురు. గోల్‌కీపర్ ఒక్కడే కాబట్టి వారానికి ఇద్దరు. ఆటగాళ్ల నైపుణ్యాన్ని అంకెల్లో కాకుండా మాటల్లో చెబుతారు, అట్టడుగున "అసలు లేదు" అనే మాట, చాలా పైన "దైవాంశం" అనే మాట. ఒక మాట నుంచి పైమాటకి పోవడానికి కుర్రాడికి కొన్ని వారాలు, పైకి పోయేకొద్దీ మరిన్ని వారాలు, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతని ఎవరో సూత్రంగా రాసి సర్వర్లో పెట్టినట్టుంటుంది.

దీనివల్ల ప్రతి వారం ఒక చిక్కు వస్తుంది. శనివారం లీగ్ మ్యాచ్ గెలవాలంటే అనుభవం ఉన్న ముప్ఫై ఏళ్లవాడిని ఆడించాలి, కానీ వాడికి నేర్పి లాభం లేదు. 18 ఏళ్లవాడిని ఆడిస్తే వాడు ఎదుగుతాడు, మ్యాచ్ మాత్రం చేజారొచ్చు. ఇవాళ్టి పాయింట్లా, వచ్చే ఏడాది టీమా? ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే చాలా క్లబ్బుల చరిత్ర తిరుగుతుంది. జవాబు ఎప్పుడూ ఒకటే అయివుంటే ఆట మూడు నెలల్లో చచ్చిపోయేది.

గచ్చిబౌలిలో బ్యాడ్మింటన్ అకాడమీ చుట్టుపక్కల పెరిగినవాళ్లకి ఈ లెక్క కొత్తగా అనిపించదు. గోపీచంద్ అకాడమీ 2008లో మొదలైంది, అక్కడ ఆడుతూ పెరిగిన సింధు 2016లో రియోలో ఒలింపిక్ వెండి పతకం తెచ్చింది. మధ్యలో ఉన్న ఎనిమిదేళ్లలో ఎవరికీ కనిపించని తెల్లవారుజాములు ఎన్నో ఉంటాయి. మేనేజర్ గేమ్ అమ్మేది ఆ మధ్యకాలాన్నే, చెమట లేకుండా.

ఎనిమిదిమంది మధ్యే పోటీ

ఇంత నెమ్మదిగా ఉన్నదాంట్లో పోటీ మజా ఎక్కడినుంచి వస్తుందనేది అసలు ప్రశ్న. లక్షలమంది ఆడే గేమ్‌లో ప్రపంచ ర్యాంకు 84,000 నుంచి 83,500కి వస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. లీగ్‌లో ఎనిమిదే టీమ్‌లు ఉండటంతో పోటీ మొహం తెలిసినవాళ్లతో అవుతుంది. మిగతా ఏడుగురూ ఎవరు, ఎవరు గోల్‌కీపర్ మీద డబ్బు పెట్టారు, ఎవరు ఈ సీజన్‌ని వదిలేసి కుర్రాళ్లని పెంచుతున్నారు, ఎవరు నిద్రపోతున్నారు, ఇవన్నీ రెండు మూడు వారాల్లో తెలిసిపోతాయి. పాత మ్యాచ్‌ల రేటింగులు, జట్టు కూర్పులు అందరికీ కనిపిస్తాయి. ఎదుటివాడిని చదవడానికి వారం టైముంటుంది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి నాగోల్‌లో దిగేలోపు చదవొచ్చు, మర్నాడు పొద్దున మళ్లీ మార్చుకోవచ్చు.

ఈ చదవడానికి ప్రాణం పోసే ఏర్పాటు ఒకటి హ్యాట్రిక్‌లో ఉంది, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మ్యాచ్‌కి ముందు మేనేజర్ తన టీమ్‌కి మూడు మాటల్లో ఏదో ఒకటి చెప్పొచ్చు. మామూలుగా ఆడండి. లేదా, దీన్ని తేలిగ్గా తీసుకోండి. లేదా, ఈ సీజన్ మొత్తానికీ ముఖ్యమైన మ్యాచ్ ఇదే. మూడోది చెబితే ఆ రోజు మిడ్‌ఫీల్డ్ బలం పెరుగుతుంది, బంతి ఎక్కువగా చేతిలో ఉంటుంది, అవకాశాలు ఎక్కువొస్తాయి. కానీ ఆ మ్యాచ్ తర్వాత టీమ్ ఉత్సాహం బాగా పడిపోతుంది, మళ్లీ కోలుకోవడానికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో ప్రతి మ్యాచ్‌లోనూ మిడ్‌ఫీల్డ్ బలహీనంగా ఉంటుంది. రెండో మాట చెబితే దీనికి తలకిందులు: ఇవాళ బలహీనంగా ఆడతారు, ఉత్సాహం పోగుపడుతుంది.

అంటే 14 మ్యాచ్‌ల సీజన్‌లో ఒంటికాలి మీద లేవడం ఒకటి రెండు సార్లే కుదురుతుంది. ఎవరి మీద లేవాలి? మొదటి స్థానంలో ఉన్నవాడి మీద లేస్తే మూడు పాయింట్లు రావొచ్చు, కానీ ఆ తర్వాతి రెండు వారాల్లో బలహీనులతో డ్రాలు చేసుకుంటే లాభం ఏముంది? పైగా ఎదుటివాడు కూడా ఇదే ఆలోచిస్తున్నాడు. నువ్వు లేస్తావని వాడు పసిగడితే ఆ మ్యాచ్‌ని తేలిగ్గా వదిలేసి ఉత్సాహం దాచుకుంటాడు, నువ్వు ఎలాగూ గెలిచే మ్యాచ్‌కి నీ మందుగుండు అంతా ఖర్చుపెట్టినట్టవుతుంది. వాడు వదిలేస్తాడని నువ్వు ముందే ఊహిస్తే మామూలుగా ఆడి గెలవొచ్చు. ఆ ఊహ వాడికీ తెలిస్తే? సంక్రాంతి పేకాటలో ఎదుటివాడి కళ్లల్లోకి చూసే పని ఇక్కడ వారం రోజులు సాగుతుంది. మ్యాచ్ మొదలయ్యాక చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు, చేయాల్సిందంతా అంతకుముందే అయిపోయి ఉంటుంది. ఇదే ఆట గంటకి 14 మ్యాచ్‌లతో పెడితే ఎదుటివాడిని ఊహించే టైము ఎవరికీ ఉండదు, ఆ మూడు మాటలూ ఉత్త మీటలైపోతాయి.

దీనికి తోడు అదృష్టం. మ్యాచ్‌ని నడిపే ప్రోగ్రామ్ బలాన్ని బట్టి అవకాశాల వాటా పంచుతుంది, కానీ గోల్ పడేదీ లేనిదీ ప్రతిసారీ పాచిక వేసినట్టే. బలమైన టీమ్ ఎక్కువసార్లు గెలుస్తుంది, ప్రతిసారీ కాదు. వాతావరణం కూడా ఉంది: వానపడితే కండబలం ఉన్న ఆటగాళ్లు కాస్త మెరుగ్గా, బంతి నైపుణ్యం ఉన్నవాళ్లు కాస్త తక్కువగా ఆడతారు. అదృష్టం పాలు మరీ ఎక్కువైతే వారమంతా ఆలోచించినవాడికి ఒళ్లు మండుతుంది, మరీ తక్కువైతే ఆరో స్థానంలో ఉన్నవాడు లాగిన్ అవ్వడం మానేస్తాడు. ఈ పాలు సరిగ్గా కుదిరిన గేములే ఇరవై ఏళ్లు బతికాయనిపిస్తుంది.

వేలంపాట, చీటీపాట

ఆటగాళ్ల కొనుగోలు వేలంలో జరుగుతుంది. హ్యాట్రిక్‌లో అమ్మకానికి పెట్టిన ఆటగాడికి మూడు రోజుల గడువు. ఆఖరి మూడు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు ఇంకాస్త పొడుగవుతుంది, కాబట్టి చివరి సెకనులో లాక్కుపోవడం కుదరదు, ఇద్దరు పట్టుదలకి పోతే అర్ధరాత్రి దాకా సాగుతుంది. డబ్బంతా ఊహాడబ్బే, టెన్షన్ మాత్రం నిజం.

ఐపీఎల్ వేలం చూసేవాళ్లు దీన్ని దానితో పోలుస్తుంటారు కానీ రెండింటి స్వభావం వేరు. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన పెద్ద వేలంలో ప్రతి టీమ్‌కీ 120 కోట్ల పరిమితి. అట్టిపెట్టుకున్న కొద్దిమంది తప్ప మిగతా టీమ్ అంతా రెండు రోజుల్లో కొత్తగా కట్టారు, రిషభ్ పంత్ 27 కోట్లకి పోయాడు. ఎవరూ బలాన్ని పోగేసుకోకుండా కొన్నేళ్లకోసారి అందరినీ ఒకే గీత దగ్గరికి తెచ్చే పద్ధతి అది. అలాంటి లీగ్‌లో 2008లో అట్టడుగున ఉన్న డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు కొట్టగలిగింది. మేనేజర్ గేములో గీత దగ్గరికి తేవడం ఉండదు. పదేళ్ల కిందట మొదలుపెట్టినవాడు పదేళ్ల సంపాదనతో అక్కడే ఉంటాడు.

అసలు పోలిక చీటీతో. ఇరవైమంది నెలకి 5 వేలు వేసే లక్ష రూపాయల చీటీలో తొందర ఉన్నవాడు మొదట్లోనే పాడి 20 వేలు వదులుకుని 80 వేలు పట్టుకుపోతాడు, ఆ వదులుకున్నది కమిషన్ పోను మిగతావాళ్లు పంచుకుంటారు, చివరిదాకా ఆగినవాడికి పూర్తి సొమ్ము. మేనేజర్ గేము వేలంలో జరిగేదీ అదే. ఇవాళే గెలవాలనుకునేవాడు 27 ఏళ్ల తయారైన ఆటగాడిని భారీ ధరకి కొంటాడు. ఏడాదిలో వాడి విలువ కరిగిపోతుంది, ఆ కరిగిన డబ్బు ఎటు పోయింది? మూడేళ్ల కిందట (గేములో ఆటగాడి ఏడాది 112 రోజులే) అదే ఆటగాడిని 17 ఏళ్లప్పుడు చవగ్గా తీసుకుని పెంచినవాడికి పోయింది. తొందర ఉన్నవాడు ఓపిక ఉన్నవాడికి వడ్డీ కడుతున్నాడు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. కప్పు కావాల్సినవాడికి కప్పు, డబ్బు కావాల్సినవాడికి డబ్బు. తేడా ఏంటంటే ఇద్దరూ ఒకే గడియారం కింద ఉన్నారు, బయటినుంచి ఎవరూ డబ్బు తేలేదు.

ముందొచ్చినవాడిని అందుకోవడం

పదేళ్ల పాతటీమ్‌ని కొత్తవాడు ఎలా అందుకుంటాడు? ముసలితనం, జీతాలు. ఈ రెండే దారి ఇస్తాయి. హ్యాట్రిక్‌లో ఆటగాడి ఏడాది 112 రోజులే, కాబట్టి 17 ఏళ్లవాడు 28కి చేరడానికి 1232 రోజులు, అంటే మూడేళ్ల నాలుగున్నర నెలలు. ఆ తర్వాత దిగుడే. నైపుణ్యం మెట్టెక్కే కొద్దీ జీతం నిటారుగా పెరుగుతుంది, పైస్థాయి టీమ్‌ని నిలబెట్టడానికే వారం వారం స్టేడియం ఆదాయమంతా పోతుంది. అప్పు హద్దు దాటితే క్లబ్బు దివాలా. పాతవాడు గానుగెద్దులా తిరుగుతూనే ఉండాలి, ఆగితే వెనకబడతాడు. కొత్తవాడు దగ్గరికి రావడానికి కొన్నేళ్లు పడుతుంది కానీ తలుపు మూసిలేదు.

నిజం క్లబ్బుల్లో ఈ రక్షణ కూడా లేదు. హైదరాబాద్‌కి నిలకడగా ఎదగడమూ తెలుసు, ఉన్నట్టుండి కూలడమూ తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. అదే మనిషి కింద దేశం జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒకే చేయి పదేళ్ల పైన తిప్పిన ఫలితం అది. ఇటు హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ ట్రోఫీ ఎత్తింది, డబ్బు కష్టాలతో కుదేలై 2025లో ఊరూ పేరూ మారి ఢిల్లీకి వెళ్లిపోయింది. మూడేళ్లలో అంతా అయిపోయింది.

వేచి ఉండటాన్ని అమ్మితే

టాప్ ఇలెవెన్‌లో వేలంలో పాడాలంటే టోకెన్లు కావాలి. ఆటగాళ్ల అలసట తీర్చడానికి, గాయాలు మాన్పడానికి, ఉత్సాహం పెంచడానికి ప్యాకెట్లు ఉంటాయి. ఇవి ఆడుతూ కొన్ని సంపాదించొచ్చు, మిగతావి డబ్బుతో కొనొచ్చు. రోజూ మ్యాచ్ ఉంటే రోజూ అలసట ఉంటుంది, అలసట ఉంటే దాన్ని తీర్చే ప్యాకెట్‌కి గిరాకీ ఉంటుంది. వేగం పెంచినకొద్దీ అమ్ముకోవడానికి చోట్లు ఎక్కువ దొరుకుతాయి. 2021లో అమెరికా కంపెనీ టేక్-టూ నార్డియస్‌ని 37.8 కోట్ల డాలర్ల దాకా విలువైన ఒప్పందంతో కొనడాన్ని బట్టి ఈ పద్ధతిలో ఎంత డబ్బుందో ఊహించొచ్చు.

హ్యాట్రిక్ కూడా డబ్బు తీసుకుంటుంది. కానీ డబ్బు కట్టినవాడికి దొరికేవి గణాంకాలు, క్లబ్బు గుర్తులు, సౌకర్యాలు. మైదానంలో అదనపు బలం ఏమీ రాదు. ఈ చిన్న తేడా పోటీని పూర్తిగా మార్చేస్తుంది. టాప్ ఇలెవెన్ పద్ధతిలో ఓడినవాడికి ఎప్పుడూ ఒక అనుమానం మిగిలిపోతుంది: వాడు నాకంటే బాగా ఆలోచించాడా, నాకంటే ఎక్కువ కొన్నాడా? ఆ అనుమానం పుట్టాక పాత మ్యాచ్‌లు తిరగేసి ఎదుటివాడిని చదివే పని దండగ అనిపిస్తుంది. టాప్ ఇలెవెన్‌లో డబ్బు పెట్టకుండా తెలివిగా ఆడి గెలిచేవాళ్లు లేరని కాదు, కొంతమందికి అదే ఒక పంతం. కానీ వాళ్లు ఆడుతున్నది వేరే ఆట, ఒక చేయి కట్టేసుకుని ఆడేది.

మోసం స్వభావం కూడా దీన్ని బట్టే మారుతుంది, ఇది ఎక్కువమంది గమనించరు. డబ్బు నడిచే గేములో మోసగాడు ప్యాకెట్లు దొంగిలించే దారి వెతుకుతాడు. టైమే పెట్టుబడి అయిన గేములో రెండో అకౌంట్ తెరుస్తాడు, ఎందుకంటే రెండో క్లబ్బు అంటే రెండింతల వారాలు, రెండింతల ట్రైనింగ్, దాన్ని చవకధరకి మొదటి క్లబ్బుకి తరలించొచ్చు. అందుకే హ్యాట్రిక్‌లో దొంగచాటు అకౌంట్లని ఆపడం మీద అంత పట్టుదల, వాటిని కనిపెట్టుకుని ఉండే వాలంటీర్లు, అనుమానాస్పద అమ్మకాల మీద విచారణలు.

క్రికెట్ ఎందుకు కష్టం

తెలుగువాళ్లకి సహజంగా వచ్చే ప్రశ్న, ఇదంతా క్రికెట్‌లో ఎందుకు లేదని. ఉంది. బ్యాట్‌ట్రిక్, ఫ్రమ్ ద పెవిలియన్ లాంటి బ్రౌజర్ గేములు ఈ దారిలోనే వచ్చాయి, చిన్న గుంపుల్లో ఆడారు. హైదరాబాద్‌లోనే తయారైన హిట్‌వికెట్ మొబైల్‌లో టీమ్ కట్టి ఎదుటివాళ్లతో తలపడే క్రికెట్ గేమ్, 2020లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో గేముల విభాగంలో గెలిచినవాటిలో అదొకటి.

చిక్కు ఆటలోనే ఉంది. ఫుట్‌బాల్‌ని మిడ్‌ఫీల్డ్, ఎడమ, కుడి, మధ్య అని కొన్ని ముక్కలకి కుదించి లెక్కేయొచ్చు, పెద్దగా తప్పనిపించదు. టీ20 అంటే 240 బంతులు, ప్రతిదీ ఒక బౌలర్‌కీ ఒక బ్యాటర్‌కీ మధ్య గొడవ, మధ్యలో పిచ్, టాస్, మంచు. ఒక బౌలర్‌కి నాలుగు ఓవర్లు మించి ఇవ్వకూడదు కాబట్టి కనీసం ఐదుగురు కావాలి, ఒక్క సూపర్ స్టార్‌ని పెంచి బండి లాగించడం కుదరదు, టీమ్ తయారవడం ఇంకా నెమ్మదవుతుంది. ఆ పైన మన అభిమానికి ఐపీఎల్ అలవాటు: మొదలైన రెండు నెలల్లో తేలిపోవాలి. సెల్‌ఫోన్ క్రికెట్ గేములు వేగం వైపు మొగ్గడానికి ఇదంతా కారణమే.

చట్టం వీటిని ఎలా చూస్తుంది

2025 చట్టం గేముల్ని మూడు గదుల్లో పెడుతుంది: ఈ-స్పోర్ట్స్, సోషల్ గేములు, డబ్బు గేములు. నిషేధం మూడోదాని మీదే. అలాంటి గేము నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షల దాకా. నైపుణ్యం ఎక్కువా అదృష్టం ఎక్కువా అనే పాత వాదనకి ఇందులో చోటు లేదు. డబ్బో, డబ్బుతో కొన్న టోకెన్లలాంటివో పెట్టి, దానికి బదులుగా డబ్బో దానికి సమానమైనదో గెలుస్తామనే ఆశతో ఆడుతున్నారా అన్నదే కొలత. పందెం కాకుండా ఊరికే చందా కడితే అది సోషల్ గేమ్ గదిలోనే ఉంటుంది.

ఈ కొలతతో చూస్తే, చందా తీసుకుని గణాంకాలు ఇచ్చే మేనేజర్ గేముకి బెంగ లేదు. టోకెన్లు అమ్మేదాంట్లో కూడా గెలిచినవాడు బయటికి ఏమీ తీసుకెళ్లలేనంతవరకూ ఆశ అనే మాట వర్తించదు. ఆఫీసులో పదిమంది కలిసి తలా 500 వేసుకుని లీగ్ గెలిచినవాడికి ఇద్దామనుకుంటే మాత్రం గేము మారకుండానే వ్యవహారం పందెం అయిపోతుంది, తెలంగాణ చట్టం సంగతి కూడా అప్పుడు గుర్తుపెట్టుకోవాలి. ఇరానీ చాయ్ పందెం వరకు ఎవరూ పట్టించుకోరు కానీ...

నెమ్మది చెడిపోయే చోటు

నెమ్మదిని ఇంతగా మెచ్చుకున్నాక దాని జబ్బు కూడా చెప్పాలి. మొదటి సీజన్ ఘోరం. కొత్తవాడి చేతిలో పనికిరాని ఆటగాళ్లు, కొద్ది డబ్బు, చూడటానికి అర్థంకాని పట్టికలు, వారానికి ఒక మ్యాచ్. మూడో వారానికి చాలామంది జారుకుంటారు. వదిలేసిన క్లబ్బు కొన్ని వారాల తర్వాత కంప్యూటర్ చేతిలోకి పోతుంది, అలాంటి క్లబ్బులు నాలుగు చేరిన లీగ్‌లో మిగిలినవాళ్లకి చదవడానికి మొహాలే ఉండవు. జనం తగ్గితే వేలంలో పాడేవాళ్లు తగ్గుతారు, పెంచిన కుర్రాడికి ధర పలకదు, ఓపికకి వచ్చే వడ్డీ పడిపోతుంది. పైన చెప్పుకున్న చీటీలో సభ్యులు మధ్యలో మానేస్తే ఏమవుతుందో అదే. ఈ గేములు ఒక్కసారిగా మూతపడవు, ఇలా సన్నగా ఎండిపోతాయి. ఉన్నవాళ్లు మాత్రం పాతుకుపోయి ఉంటారు, పదేళ్ల శ్రమని వదలబుద్ధి కాక కొందరు, నిజంగా ఇష్టమై కొందరు. రెండింటికీ తేడా వాళ్లకే సరిగా తెలియకపోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాడికి లెక్క ఇలా ఉంటుంది. ఈ సంక్రాంతికి వేలంలో అప్పుడే 17 నిండిన కుర్రాడిని తీసుకుంటే ఉగాదికి ఇంకా 17లోనే ఉంటాడు, దసరాకి 19, వచ్చే సంక్రాంతికి 20 దాటతాడు. ఆపాటికి వాడి జీతం పెరిగి ఉంటుంది, అమ్మమని అడిగేవాళ్లు ఒకరిద్దరు తయారవుతారు, లీగ్‌లో మూడో స్థానంలో ఉన్న టీమ్‌కి మూడు మ్యాచ్‌లు మిగిలి ఉంటాయి.